బ్రేకు మీద కాలు

నాకు యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. చర్చిలో పాస్టరమ్మ గారు ఆడవాళ్ళకు సాయంత్రం బడి పెట్టాక కళ్ళజోడు పెట్టుకుని అ ఆలు దిద్దాను, అందుకే ఇన్నాళ్ళూ నా చిన్నతనం రాయలేకపోయాను. ముందే ఎందుకు నేర్చుకోలేదని ఎవరడిగినా, పలక నేలకేసి కొట్టి బడికి పోనన్నానట అని నవ్వుతూ చెప్పేదాన్ని. మొన్న మా తమ్ముడు ప్రసాదు పెద్దకారు వెనక చక్రం దగ్గర కాలిన వాసన వచ్చేదాకా ఆ మాట నమ్మాను.

అది నా పుట్టింటి వాసన. మండపేటలో మిల్లుల వరస చివర నాన్న రేకుల షెడ్డు ఉండేది. వానలు పడితే పొలాల బురద మెత్తుకుని వచ్చిన జీపులు, వ్యాన్లు దాని ముందు బారులు తీరేవి. కారిన నూనె మీద మేం చల్లిన ఊక తడిసి ఎండి కాళ్ళకింద కరకరలాడేది. బ్రేకు ఆయిలు ఘాటు, పక్క మిల్లులో ఉడికే వడ్ల ఆవిరి కలిసి మా జుట్టులోకి, అన్నంలోకి, చివరికి క్రిస్మస్‌కి అమ్మ వత్తిన కజ్జికాయల్లోకి కూడా వచ్చేసేవి. ఆత్రేయపురం వ్యాను డ్రైవరు విరిగిన పూతరేకులు కాగితంలో చుట్టి తెచ్చి, "బ్రేకులమ్మా, ఇదిగో నీ జీతం" అనేవాడు.

బ్రేకు గొట్టాల్లో గాలి చేరితే దాన్ని తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడలు తొక్కి పట్టాలి, ఇంకొకరు చక్రం దగ్గర నిపిల్ అనే చిన్న మర వదులు చేస్తే బుడగలతో ఆయిలు బయటికొస్తుంది. నిపిల్ బిగించేలోపు కాలు తీస్తే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. నేను స్టీరింగు పట్టుకుని సీటు అంచున వేలాడుతూ తొక్కేదాన్ని. బడి గంట అక్కడికి వినిపించేది. "కాలు తియ్యకే, నా బంగారం" అని కింద నుంచి నాన్న. తీసేదాన్ని కాదు. చక్రం దగ్గరికి మాత్రం ఎప్పుడూ రానిచ్చేవాడు కాదు.

ఇప్పటి కార్లకు వెనక కూడా డిస్కు బ్రేకులే. ప్రసాదు బడిపంతులు, కానీ నాన్న పానాలు వాడి దగ్గరే ఉన్నాయి. చక్రం విప్పితే, డిస్కును రెండు పక్కలా నొక్కి పట్టే ప్యాడ్లలో బయటిది కొత్తదానిలా ఉంది, లోపలిది ఇనుము దాకా అరిగిపోయింది. ఆ ప్యాడ్లను పట్టుకునే క్యాలిపర్ జరగాల్సిన పిన్ను బురదకు పట్టేసి, భారమంతా ఒకదాని మీదే పడిందట. బయటి నుంచి చూసి బాగుందనుకోకూడదు. హ్యాండుబ్రేకు కూడా మోటారుదే కాబట్టి, ముందు తెరమీద సర్వీసు మోడ్ పెట్టాకే పిస్టన్ వెనక్కి నొక్కాలని కారు పుస్తకంలో ఉంటే, నేనూ కూడబలుక్కుని చదివాను. పిన్ను శుభ్రం చేసి గ్రీజు రాశాడు, కొత్త ప్యాడ్లు వేశాడు, తడి పీల్చి నల్లబడిన ఆయిలు మార్చడానికి నన్ను సీట్లో కూర్చోబెట్టాడు.

"నువ్వుంటే గాలి తీసే మెషీను ఎందుకక్కా! నీ కాలు కోసమేగా నాన్న ఆ పలక పగలగొట్టింది" అన్నాడు కింద నుంచి, నవ్వుతూ.

"నాన్నా?"

"నీకు తెలీదా? బళ్ళో వేద్దామని అమ్మ పలక తెస్తే, ఇది బడికెళ్తే బ్రేకు ఎవరు తొక్కుతారని నేలకేసి కొట్టాడంట. అమ్మే చెప్పింది."

"నేనే పగలగొట్టానని కదరా నాకు చెప్పారు?"

"చిన్నపిల్లవి, బాధపడతావని అనుంటారులే. ఊరుకో అక్కా, అయిపోయిన మాట. కాలు తియ్యకు!"

తీసేశాను.

"అయ్యో, గాలి లాగేసింది! అంతా మళ్ళీ మొదలు!" అని వాడు మొత్తుకుంటుంటే నేను ఇంట్లోకి వచ్చేశాను. నాన్న లేడు, అమ్మ లేదు, షెడ్డు ఉన్నచోట టైల్సు కొట్టు ఉంది. అడగడానికి ఎవరూ మిగల్లేదు. ఆ అబద్ధాన్ని నా నోటితోనే ఊరందరికీ చెప్పించారు. నాన్న 'బంగారం' అన్న ప్రతిసారీ పొంగిపోయిన పిల్లను తలుచుకుంటే ఆయన మీద వచ్చిన కోపం ఇంకా దిగలేదు.

మర్నాడు పొద్దున్నే ప్రసాదు వచ్చి, డ్రైవరు సీటు వైపు తలుపు తీసి పట్టుకుని, "రా అక్కా" అన్నాడు. నేను వాడి చేతిలోంచి పానా తీసుకుని చక్రం దగ్గర గోనెసంచి పరుచుకుని కూర్చున్నాను.

"నువ్వెక్కి తొక్కు" అన్నాను. "నేను చెప్పేదాకా కాలు తియ్యకు."