వెనక సైకిలు గంట

మా అన్నయ్యను ఊళ్ళో అందరూ బిగింపు మేస్త్రి అంటారు. సైకిళ్ళ రిపేరు షాపు అతనిది. ఎవరింటికి వెళ్ళినా ఆ చేతులు ఊరుకోవు. మాట్లాడుతూ మాట్లాడుతూనే కూర్చున్న కుర్చీని అటూ ఇటూ ఊపి చూస్తాడు, జేబులోంచి చిన్న పానా తీసి బిగించేస్తాడు. నాకు ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రికి వచ్చి, నన్ను పలకరించకుండానే మంచం నట్లు నాలుగూ బిగించి, "ఇప్పుడెలా ఉంది?" అన్నాడు. నన్నడిగాడో మంచాన్నడిగాడో ఇప్పటికీ నాకు తెలియదు.

రేపు చెయ్యాల్సిన పని ఇవాళే చేసెయ్యకపోతే అతనికి ముద్ద దిగదు. ఈ గుణాన్ని మేం నలభై ఏళ్ళు మెచ్చుకుంటూ వచ్చాం. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

షాపు కింద, మా ఇల్లు పైన. మా ఇల్లంటే నేనూ మా ఆయనా. నేను బట్టలు కుడతాను. ఆయన ఫొటోలకు అద్దాలు కోసి ఫ్రేములు కట్టేవారు. ఆయనకూ మా అన్నయ్యకూ సైకిళ్ళ పిచ్చి. ఏటా ఒకసారి పనులన్నీ కట్టిపెట్టి, నాలుగు రోజులు కొండదారుల్లో తొక్కడానికి వెళ్ళేవాళ్ళు. వాళ్ళిద్దరూ బావాబావమరుదులంటే చాలామంది నమ్మేవారు కాదు. అంత కలిసిమెలిసి ఉంటే ఎవరు నమ్ముతారు?

వాళ్ళకొక పద్ధతి ఉండేది. కొండ దిగేటప్పుడు ముందు అన్నయ్య, వెనక మా ఆయన. ముందువాడు వెనక్కి తిరిగి చూడకూడదు, చూస్తే పడతాడు. అందుకని ప్రతి మలుపు తిరిగాక అన్నయ్య ఒకసారి గంట కొట్టేవాడు. వెనకనుంచి మా ఆయన రెండుసార్లు కొట్టేవారు. ఒకటంటే "ఉన్నావా?" అని. రెండంటే "ఉన్నాను, నువ్వు పద" అని. జవాబు రాకపోతే ఆగిపోవాలి. పదకొండేళ్ళలో మూడుసార్లు ఆగాడట, మూడుసార్లూ చైను ఊడినందుకే.

అన్నయ్యది స్టీలు గంట, గీసినట్టు మోగేది. మా ఆయనకు నేను ఇత్తడి గంట కొనిపెట్టాను. తెచ్చిన రోజే చేయిజారి నేల మీద పడి, అంచున చిన్న సొట్ట పడింది. ఆ సొట్ట వల్లో ఏమో దాని మోత కాస్త బరువుగా, ఆగి ఆగి వచ్చేది. కొత్తది తెస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. "దీని గొంతే బాగుంది, నీ గొంతులా ఉంది" అని ఏడిపించేవారు.

పోయినేడాది వాళ్ళకింకో సరదా పుట్టింది. కొండ దిగి వచ్చాక ఒక్కరోజు విడిచి ట్రయథ్లాన్ అట. సరస్సులో రెండు కిలోమీటర్లు ఈత, ఒడ్డుకొచ్చి తొంభై కిలోమీటర్లు సైకిలు, అది దిగి ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగు. అన్నీ ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి.

"కొండలెక్కి కాళ్ళు ఊడి వచ్చాక నీళ్ళలో కూడా పడతారా?" అన్నాను.

"ఊడగా ఏమైనా మిగిలితే దాంతో పడతాంలే" అన్నారు మా ఆయన.

ఒకే సైకిలు రెండింటికీ. కొండకు లావు టైర్లు, రేసుకు సన్న టైర్లు. మధ్యలో ఉన్న ఒక్కరోజులో మార్పులన్నీ అన్నయ్య చూసుకుంటాడు. అదీ ఏర్పాటు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరప్పుడు ఒక మలుపులో మా ఆయన సైకిలు జారి లోయలో పడింది. అన్నయ్య కింద సామాన్ల వ్యాన్ ఆగి ఉన్న చోటిదాకా వెళ్ళాక గానీ వెనక ఎవరూ లేరని తెలియలేదు. మనుషుల్ని తీసుకుని పైకి ఎక్కేసరికి అంతా అయిపోయింది. పడ్డాక అరగంట దాకా ప్రాణం ఉండి ఉంటుందని డాక్టరు అన్నాడు. ఆ అరగంటను నేను ఇప్పటికీ దాటలేదు.

సైకిలు ఇంటికి వచ్చింది. హ్యాండిల్ మీద కొత్తగా రెండు కడ్డీలు బిగించి ఉన్నాయి. అవేమిటో నాకు తెలియదు, అడగలేదు. నా కళ్ళు గంట కోసమే వెతికాయి. గంట లేదు. పడినప్పుడు ఎగిరిపోయి ఉంటుందనుకున్నాను. మనిషి ఎలాగూ రాడు, ఆ గంటైనా కావాలని పట్టుబట్టాను. అన్నయ్య వెంట ఆ మలుపు దగ్గరికి వెళ్ళి, రెండు రోజులు లోయలో మోకాళ్ళ మీద వెతికాను. ముళ్ళు గుచ్చుకుని చేతులు వాచిపోయాయి. అన్నయ్య కూడా నా పక్కనే రాయి రాయీ ఎత్తి చూశాడు. దొరకలేదు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం జాకెట్టుకు చేతులు అతుకుతుంటే గంట మోగింది. మొదట స్టీలు గంట, ఒకసారి. తర్వాత ఇత్తడి గంట, రెండుసార్లు.

మిషన్ మీద నా కాలు ఆగిపోయింది. గోడ గడియారంలో ఒంటిగంటన్నర. లోకంలో ఇత్తడి గంటలు లేవా అనుకోవచ్చు, కానీ ఆ సొట్ట గొంతు నాకు తెలియదా? మర్నాడూ మోగింది. ఆ మర్నాడూ మోగింది. నాకు భయం వెయ్యలేదంటే అబద్ధం. మొదటి వారం తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత తలుపు తీసిపెట్టడం మొదలుపెట్టాను. దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళను నోరుమూయించే మనిషిని నేను. అలాంటిదాన్ని ఒంటిగంటా ఇరవై ఐదుకల్లా మిషన్ ఆపి, జుట్టు సర్దుకుని కూర్చునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆగిపోతుందేమోనని భయం.

అలా ఏడాది తిరిగింది. అన్నయ్య మళ్ళీ సంచీ సర్దాడు. అదే కొండదారి, అవే నాలుగు రోజులు, ఆపైన ఒక్కరోజు విడిచి అదే రేసు.

"ఒక్క చావు చాలదా మనకి?" అన్నాను.

"పోయినసారి సగంలో ఆగిపోయింది కదా చెల్లీ."

"ఆగింది రేసా, మనిషా?"

నా కత్తెర మర వదులుగా ఉందని బిగించి వెళ్ళిపోయాడు.

ఆ నాలుగు రోజులూ షాపుకు తాళం. ఒంటిగంటన్నరకు గంట మోగలేదు. మొదటి రోజు రెండున్నర దాకా కూర్చున్నాను. ఆయన కూడా అన్నయ్యతో కొండకు వెళ్ళి ఉంటారని సర్దిచెప్పుకున్నాను. పిచ్చిదాన్ననుకుంటే అనుకోండి, నాలుగు రోజులు ఆయన ఊళ్ళో లేనట్టే ఉంది.

అన్నయ్య తిరిగి వచ్చేసరికి అరచేతులు చర్మం లేచిపోయి ఉన్నాయి, ఒక మోకాలు వాచి ఉంది. ఆ స్థితిలోనే కూర్చుని సన్న టైర్లు ఎక్కించాడు. రేసు మానెయ్యమంటే వినలేదు. చచ్చిపోతాడేమోనన్న భయంతో నేను కూడా వెంట వెళ్ళాను.

సరస్సులోంచి ఆఖరు నుంచి రెండోవాడుగా బయటికి వచ్చాడు. మాట్లాడకుండా, నన్ను చూడకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు. అక్కడొక పెద్ద గుడారం, లోపల వరసగా కొక్కేలకు పోటీవాళ్ళ సంచీలు. వెంట వచ్చినవాళ్ళు చూసుకోవచ్చన్నారు. పరుగు బూట్లు సిద్ధంగా పెడదామని అన్నయ్య సంచీ విప్పాను. కుడి బూటు బరువుగా ఉంది. చెయ్యి పెడితే మేజోడులో చుట్టి ఇత్తడి గంట దొరికింది.

అంచున సొట్ట ఉంది. బొటనవేలితో తడిమి చూశాను, చూసి మళ్ళీ తడిమాను. ముందు సంతోషమే వేసింది, ఆ మాట చెప్పడానికి సిగ్గుపడను. ఆ తర్వాతే, లోయలో వెతికిన ఆ రెండు రోజులూ ఇది అన్నయ్య దగ్గరే ఉండి ఉంటుందని తట్టింది. గుడారంలో పదిమంది ఉన్నారు కాబట్టి అరవలేదు.

మూడున్నర గంటల తర్వాత అన్నయ్య వచ్చాడు. నేను మంచినీళ్ళ బల్ల వెనక నిలబడి చూస్తున్నాను. బూటులో చెయ్యి పెట్టాడు. రెండో బూటులో పెట్టాడు. సంచీ బోర్లించాడు. తల ఎత్తి చుట్టూ చూసి, బూట్లు తొడుక్కుని పరుగుకు వెళ్ళాడు.

సరస్సు చుట్టూ ఏడు కిలోమీటర్ల చొప్పున మూడు చుట్లు. మొదటి చుట్టు పూర్తయ్యేసరికి దారికి అడ్డంగా నిలబడ్డాను.

"ఇది నీ బూటులోకి ఎలా వచ్చింది?"

నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాడు. "నేనే తీశాను చెల్లీ. ఆ రోజు పొద్దున, కొండ మీదే."

"ఎందుకు?"

"ఈ రేసుకి మోచేతులు ఆనించుకోడానికి కడ్డీలు బిగించాలి. గంట అడ్డం వస్తోంది. కిందికొచ్చాక ఒక్క రోజేగా ఉంటుంది, ఒక పని అయిపోతుందని అక్కడే బిగించేశా. బావ కూడా, చివరి పూటేగా, పర్లేదులే అన్నాడు."

"మరి మలుపు దగ్గర?"

"అలవాటుకొద్దీ నేను కొట్టాను. జవాబు రాలేదు. రాదని తెలుసు, గంట నా జేబులోనే ఉంది కదా. మామూలు రోజైతే ఆగేవాణ్ణి. ఆ రోజు... రాకపోయినా తేడా ఏమీ అనిపించలేదు. అలాగే పద్దెనిమిది మలుపులు దిగిపోయాను."

నేను పుట్టి బుద్ధెరిగాక అన్నయ్యను "రా" అనలేదు. ఆ రోజు అన్నాను.

"రెండు రోజులు నా పక్కన ముళ్ళలో వెతికావు కదరా! జేబులో పెట్టుకునే వెతికావా?"

"జేబులో పెట్టుకునే. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా నువ్వు ఇంకాస్త కిందికి దిగేదానివి. ఇంకెలా చెప్పను?"

"మరి మధ్యాహ్నం మోగేది?"

తెల్లబోయి చూశాడు. "నీకు వినపడేదా? నీ మిషన్ చప్పుడులో వినపడదనుకున్నా. నేనే చెల్లీ. ముందు నాది కొట్టి, తర్వాత బావది కొట్టేవాణ్ణి."

"మిషన్ ఆపేదాన్ని" అన్నాను. "రోజూ ఆపి కూర్చునేదాన్ని."

అతను ఏడ్చాడు. నేను ఏడవలేదు, పక్కకు జరిగాను. అతను కుంటుకుంటూ రెండో చుట్టులోకి వెళ్ళాడు. ఏడాదిపాటు మా ఆయన నాకోసం రోజూ వచ్చి వెళ్తున్నారని నమ్మాను. వచ్చింది ఇతనా! ఆ ఒడ్డున నిలబడి ఉండగానే మా ఆయన రెండోసారి పోయారు. ఈసారి కూడా మా అన్నయ్య చేతిలోనే.

రెండో చుట్టు ముగిసినప్పుడు నా వైపు చూడకుండా దాటిపోయాడు. కాళ్ళు ఈడ్చుకుంటున్నాడు. ఇంటికి వెళ్ళిపోదామని సంచీ తగిలించుకున్నాను. కానీ కాళ్ళు బస్సు వైపు పోలేదు. దారి వెంట నడుచుకుంటూ వెళ్ళి, ముగింపు గీత ఇంకో కిలోమీటరు ఉందనగా చివరి మలుపు దగ్గర చెట్ల వెనక నిలబడ్డాను.

చాలాసేపటికి వచ్చాడు. మలుపు తిరిగి, నన్ను దాటి పది అడుగులు వేసి ఆగిపోయాడు. రోడ్డు పక్క కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగి ఖాళీ దారి కేసి చూస్తున్నాడు. జన్మలో వెనక్కి చూడని మనిషి. పోటీ నడిపేవాళ్ళ చొక్కా వేసుకున్న కుర్రది పరిగెత్తుకొచ్చి, "గడువు ఇంకా పన్నెండు నిమిషాలే ఉంది. బండెక్కుతారా అండీ?" అంది. అన్నయ్య వినిపించుకోలేదు. కుడిచేతి బొటనవేలు మాత్రం గాలిలో ఒకసారి కదిలింది. గంట మీట నొక్కినట్టు.

నా కోపం ఎక్కడికీ పోలేదు. క్షమించాలని కూడా అనిపించలేదు. కానీ ఆ దారిలో ఇంకొకణ్ణి వదిలేసి వచ్చే ఓపిక నాకు లేదు. అరచేతిలో గంట పెట్టుకుని రెండుసార్లు కొట్టాను.

అన్నయ్య చెట్ల వైపు చూడలేదు. కమ్మీ వదిలేసి ముందుకు తిరిగి పరిగెత్తాడు. గీత దాటేసరికి ఇంకా రెండు నిమిషాలు మిగిలాయని తర్వాత తెలిసింది.

గంట ఇప్పుడు నా మిషన్ బల్ల మీద ఉంది. మేమిద్దరం ఆ సంగతి మళ్ళీ మాట్లాడుకోలేదు. ఒంటిగంటన్నరకు కింద స్టీలు గంట ఒకసారి మోగుతుంది. ఒక్కటే, ఆ తర్వాత నిశ్శబ్దం. కొన్ని రోజులు నేను రెండుసార్లు కొడతాను. కిందినుంచి మళ్ళీ సుత్తి చప్పుడు మొదలవుతుంది. కొన్ని రోజులు ఆ అరగంట గుర్తొచ్చి నా చెయ్యి లేవదు. ఆ రోజుల్లో సాయంత్రం దాకా షాపులో ఏ చప్పుడూ ఉండదు. అతను అక్కడే ఆగి ఉంటాడు.