కమల వాళ్ళ మామిడి చెట్టు... నా పాడు కళ్ళు

మా చిన్నప్పుడు... గోడకి అవతల కమల ఉయ్యాల ఊగేది, ఇవతల నేను కుళ్ళుకునేదాన్ని.

రాయపూర్ రైల్వే క్వార్టర్లు. స్వతంత్రం వచ్చిన కొత్త. మా నాన్న టికెట్ కలెక్టరు, కమల వాళ్ళ నాన్న గార్డు. ఇద్దరూ విజయనగరం వైపు వాళ్ళే. ఒకే రోజు ఇద్దరికీ పక్కపక్కన క్వార్టర్లు ఇచ్చారు. వాళ్ళ వాటాకి పెరట్లో మామిడి చెట్టు పడింది, మా వాటాకి జామ. వాళ్ళకేమో జాడీల కొద్దీ ఆవకాయ పెట్టుకునేంత కాపు... మా జామకాయ కొరికితే ముందు పురుగు పలకరించేది. అదృష్టం కూడా గోడ చూసుకుని పడుతుందా అని ఏడుపొచ్చేది నాకు.

పైగా కమల టెక్కు చూడాలి! గోడ మీద మోచేతులు ఆనించి, ఉప్పూ కారం అద్దిన ముక్కలు పళ్ళెంలో పెట్టుకుని, "ఎన్ని ముక్కలు కావాలేటే నీకు?" అనేది.

"నాకేటీ వద్దు, పళ్ళు పులుస్తాయి" అనేదాన్ని. నోట్లో మాత్రం నీళ్ళూరుతూనే ఉండేవి.

అన్నిటికన్నా నాకు మంటెక్కించిన సంగతి ఇంకోటి ఉంది. వాళ్ళ చెట్టుకి ఒక వైద్యుడు ఉండేవాడు! అదే ఊళ్ళో గుఢియారీ అనే పేట నుంచి వచ్చే బుధారూ అనే ముసలి తోటమాలి. పూత వేళ ఒకసారి, కాయలు దిగాక ఒకసారి, దీపావళి వెళ్ళాక ఒకసారి వచ్చి చెట్టు చుట్టూ తిరిగి, మాను తట్టి చూసి వెళ్ళేవాడు. మన జామకీ చూపిద్దాం నాన్నా అంటే, "చెట్టుకి డాక్టరేటే? రైలింజనేటి, నూనెలెయ్యడానికి!" అని నవ్వేసేవారు.

అందుకని నేనే పీట వేసుకుని, గోడ మీంచి తొంగి చూస్తూ అతని మాటలు వినేదాన్ని. పూత మీద మసి పట్టిందంటే పురుగు జిగట కార్చిందట. ఎండల్లో ఒక్క కొమ్మే ఎండుతుంటే నీళ్ళు పోసి ఊరుకోకూడదట, లోపల ఏదో ఉన్నట్టట. వానల్లో మాను మీద జిగురు కారి, కింద రంపపు పొట్టు లాంటిది రాలితే మాత్రం ఇంటి వైద్యాలు కట్టిపెట్టి తనని పిలవాలట. ఆ ఏడు వరినాట్లకి సొంతూరు వెళ్తూ కమలకి అక్కడి భాషలో మరీ మరీ చెప్పాడు. "రుఖ్ రోవత్ హే త మోలా బలా లేబే, నోనీ." చెట్టు ఏడిస్తే నన్ను పిలువు తల్లీ, అని. గుఢియారీలో తన ఇంట్లో చెబితే కబురు అందుతుందన్నాడు.

కమల ఉయ్యాల ఊగుతూనే సరే సరే అంది. విన్నది నేను.

శ్రావణంలో చెట్టు ఏడ్చింది... మా గోడ వైపు, వాళ్ళకి కనబడని వైపు. ఉయ్యాల కట్టిన కొమ్మ మొదట్లో వేలు పట్టేంత చిల్లు, దాని కింద జిగురు చార, నేల మీద తడిసిన పొట్టు. చూశాను. అదేమిటో అర్థమైంది కూడా. పీట దిగి లోపలికి పోయి, అమ్మ చేత జడ వేయించుకున్నాను. ఎండితే ఎండనీ, నాకేం పోయింది!

వినాయక చవితి వెళ్ళేసరికి ఆ కొమ్మ ఆకులన్నీ వాడిపోయాయి. కమల వాళ్ళమ్మని నేను పిన్నీ అనేదాన్ని. పిన్ని ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. సున్నం బొట్లు పెట్టిన నల్లకుండా, పాత చెప్పూ తెచ్చి కొమ్మకి వేలాడదీసింది. "ఎవరి పాడు కళ్ళు పడ్డాయో గానీ, పచ్చటి చెట్టు ఎలాగ మాడిపోతందో చూడే తల్లీ!" అని నాతోనే అంది.

చిల్లూ పొట్టూ అన్నీ మరిచిపోయాను. నా కళ్ళే చెట్టుని తినేశాయని నమ్మేశాను! ఇప్పుడు నోరు విప్పితే, మా చెట్టు వైపు అంతలా ఎందుకు చూశావే అని అడగరూ? దాంతో ఇక అస్సలు చెప్పలేదు. ఆ పెరటి వైపు తల ఎత్తకుండా తిరిగాను.

దీపావళి వెళ్ళాక బుధారూ వచ్చాడు. చిల్లులోకి తీగ పోనిచ్చి బొటనవేలంత తెల్ల పురుగుని బయటికి లాగాడు. కిరసనాయిల్లో ముంచిన దూది కుక్కి, మట్టితో మెత్తాడు. మాను బతుకుతుంది గానీ కొమ్మ దక్కదు, వానల్లోనే పిలిచి ఉంటే రెండూ దక్కేవన్నాడు. ఉయ్యాల తాళ్ళు విప్పి కొమ్మ కోస్తుంటే కమల ఆ తాళ్ళని కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. బుధారూ గోడ వైపు తిరిగి, ఆ ఏడుపు విని పీట ఎక్కిన నన్ను చూశాడు.

"తై దేఖే రహే కా, నోనీ?" నువ్వు చూశావా, అని.

తల అడ్డంగా ఊపాను.

పురుగుని కళ్ళారా చూశాక కూడా పిన్ని తన మాట మార్చలేదు. కళ్ళు పడబట్టే పురుగు పట్టిందంది. మరుసటి వేసవిలో, మిగిలిన చెట్టుకి కాసిన పది కాయల్లో మొదట పండినది తెచ్చి నా చేతిలో పెట్టింది. ముక్క కాదు, పండంతా! "ముందు నువ్వే తినాల. ఆశ పడ్డవాళ్ళకి పెడితే దిష్టి పోద్దమ్మా" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఎవరి కళ్ళో ఆవిడకి మొదటినుంచీ తెలుసు!

పక్కన కమల గుటకలు మింగుతూ నా చేతిలోని పండునే చూస్తోంది. జన్మలో మొదటిసారి అది నన్ను చూసి కుళ్ళుకుంది. నేను ఎన్నాళ్ళుగానో కోరుకున్నది అదే కదా... అయినా పండు రుచే తెలియలేదు. చిల్లు చూశాను పిన్నీ అని నాలుక చివరి దాకా వచ్చింది. టెంక చీకేదాకా తిన్నాను గానీ ఆ మాట బయటికి రానివ్వలేదు. ఆ ఏడే వాళ్ళకి ఖరగ్‌పూర్ బదిలీ అయిపోయింది.

ఇప్పుడు ఫోను చేస్తే మిషను పట్టుకుని వస్తారు, చెట్టు నరకడానికి. ఎక్కడ ఏడుస్తోందో చూసేవాళ్ళు లేరు. పక్క ఫ్లాటు కుండీలో మందారం విరగబూస్తే నాకు ఈ వయసులోనూ మంటే! కాకపోతే దాని ఆకు ముడుచుకుంటే మాత్రం వెళ్ళి బెల్లు కొట్టి చెప్పి వస్తాను.

మీరు ఎవరి చెట్టు చూసి కుళ్ళుకున్నారో రాయండి, సిగ్గుపడకండి. నాకైతే చెప్పాల్సిన మనిషి ఎక్కడుందో కూడా తెలియదు... చూశాను కమలా. ఆ రోజు నేను చూశాను.