బోర్లించిన పుట్టి

నర్సు ఉద్యోగంలో ఇరవై రెండేళ్లు గడిచాయి. ఎన్నో చావులు పక్కనే ఉండి చూశాను. దయ్యాలని ఎవరైనా అంటే నవ్వేదాన్ని. అందుకే ఇది చెప్పడానికి ఇంతకాలం వెనకాడాను.

మా అనంతపురం వైపు డ్యాము నిండడమే అరుదు. ఆ ఏడు నిండింది. అవతలి పల్లెకు పోయే రోడ్డు మునిగిపోయింది. పసిపిల్లల టీకాల పెట్టె పట్టుకుని జనాన్ని నీళ్లు దాటించే ఓబులేసన్న పుట్టిలో, అంటే గుండ్రటి బుట్ట పడవలో, వెళ్లి వచ్చేదాన్ని. గాలి వాటంగా ఉంటే ఎరువుల సంచులతో కుట్టిన చిన్న తెరచాప ఎత్తేవాడు. అరవై దాటిన మనిషి, మాట తక్కువ.

నీళ్ల మధ్యలో ఒక మిట్ట, దాని మీద ఒక రిసార్టు. కరువు ఏళ్లలో డ్యాము ఎండిపోయి, వచ్చేవాళ్లు లేక మూతపడింది. ఓబులేసన్న ఎప్పుడూ ఆ మిట్టను దూరంగా చుట్టి పోయేవాడు. ఎందుకని నేను అడగలేదు.

ఒక మధ్యాహ్నం మేం తిరిగి వస్తుంటే ఉన్నట్టుండి గాలి మారింది. తెరచాప చిరిగింది. పుట్టి గిరగిరా తిరిగిపోతోంది. నాకు ఈత రాదు.

"ఆడికే పోవల్లమ్మా, ఇంగ దారి లేదు," అన్నాడు మిట్ట వైపు చూస్తూ.

పుట్టిని ఒడ్డున రాయికి కట్టి, తెడ్డు అందులోనే వదిలేసి, రిసార్టు వంటశాల వసారాలోకి పరిగెత్తాం. కిటికీలు ఊడిపోయాయి. లోపల గబ్బిలాల కంపు. ఓబులేసన్న గడప దాటలేదు.

"నా పెండ్లాము ఈడనే వంట చేస్తాండె," అన్నాడు. "ఇది మూసినాక జరమొచ్చి పోయింది. మళ్లా నేనీడ కాలు పెట్టలేదు."

అరగంటకు గాలి తగ్గింది, ఎండ కూడా కాసింది. కిందికి దిగాం.

పుట్టి నీళ్లలో లేదు. ఇరవై అడుగులు పైన, గట్టి నేల మీద బోర్లించి ఉంది. తెడ్డు దాని కింద ఉంది. తాడు చుట్ట చుట్టి, ఎగిరిపోకుండా దాని మీద రాయి పెట్టి ఉంది. తడిసిన పుట్టిని అంత దూరం మోయాలంటే ఇద్దరు కావాలి. బురదలో మా అడుగులు తప్ప ఇంకెవరివీ లేవు. ఈడ్చిన గుర్తు కూడా లేదు.

ఓబులేసన్న వంగి తాడు చుట్టను చేత్తో తడిమాడు.

"ఇట్ల బోర్లించేది నా పెండ్లామే. నేను పోకూడదనుకుంటే ఇట్లే చేస్తాండె. కూచుందాం రామ్మా."

"ఆకాశం తేటగా ఉంది కదన్నా! పెట్టెలో ఐసు కరిగిపోతోంది," అని కోప్పడ్డాను. ఆయన కదిలితేగా!

పది నిమిషాలు కాలేదు. వడగండ్లతో రెండో గాలి విరుచుకుపడింది. మేం మళ్లీ వసారాలోకి చేరేసరికి ఎదుటి ఒడ్డు కనబడలేదు. బయలుదేరి ఉంటే ఆ సమయానికి సరిగ్గా నడినీళ్లలో ఉండేవాళ్లం.

ఈసారి ఓబులేసన్న గడప దాటి లోపలికి పోయాడు.

"ఏమే, ఇంగా నా కోసం చూస్తాండావా?" అన్నాడు, పక్కింట్లో మనిషిని పలకరించినట్టు.

నేను వసారా చివరికి పోయి నిలబడ్డాను. ఆ తర్వాత ఏం మాట్లాడాడో వినలేదు, ఎప్పుడూ అడగలేదు. బయటికి వచ్చినప్పుడు ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం తేలికపడింది.

మొదటి గాలే పుట్టిని ఎగరేసి బోర్లించిందని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కావచ్చు. కానీ తాడును చుట్ట చుట్టి, దాని మీద రాయి పెట్టింది ఎవరు? ఆ మాట దగ్గర నా తెలివి ఇప్పటికీ ఆగిపోతుంది.