సుబేదార్ సాబ్ హ్యాండ్‌బ్రేక్

కరోనా లాక్‌డౌన్‌లు ముగిసిన మరుసటి ఏడాది, ఎండాకాలం. సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్ వెనక సందులో నా షెడ్డు. పాత జీపులకు యాదగిరిని మించిన మెకానిక్ లేడని నలుగురూ అనేవారు, నేనూ నమ్మేసేవాణ్ని. ఆ పొగరు మీద ఉన్న రోజుల్లోనే ఇది జరిగింది.

యాప్రాల్‌లో ఉండే రిటైర్డ్ సుబేదార్ ఒకాయన తన పాత జీపు తెచ్చారు. ఫోర్‌వీల్ వేస్తే గేరు నిలవడం లేదు, ఒకటే రొద. ట్రాన్స్‌ఫర్ కేస్ పోయింది. గేర్‌బాక్స్ వెనక ఉండే ఇనుప పెట్టె అది. ఇంజన్ బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచుతుంది. ఆ మోడల్ సామాను దొరకడం మానేసి చాలా కాలమైంది.

"దీని తర్వాత వచ్చిన మోడల్‌ది ఎక్కిస్తా సాబ్. సప్పుడు సుత రాదు," అన్నాను.

"ఎక్కుతదా?"

"నేను ఎక్కిస్తే ఎక్కుతది."

జవాబు చూడండి ఎలా ఇచ్చానో! నిజానికి రెండు తరాల పెట్టెలు అంత తేలిగ్గా కలవవు. బోల్టుల రంధ్రాలు వేరు. రెంటినీ కలిపే అడాప్టర్ ప్లేట్, అంటే మందపాటి ఇనుప పలక, లేత్ మీద చేయించాలి. అక్కణ్నుంచి వెనక చక్రాల దాకా వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కోసి పొట్టి చేయాలి. నాలుగు రోజులు తిండి ధ్యాస లేకుండా పనిచేశాను. ఐదో రోజు బండి తీస్తే రొద మాయం. ఆ సంతోషంలో సందులో రెండు చక్కర్లు కొట్టి, గేర్లో పెట్టి ఆపి, తాళంచెవి ఇచ్చేశాను. హ్యాండ్‌బ్రేక్ వాడే అలవాటు నాకు లేదు. గేర్లో వదిలేసి చక్రం కింద రాయి పెడతాను, అంతే.

మర్నాడు సాయంత్రం సుబేదార్ గారి ఫోన్. "యాదగిరీ, జెర ఇంటికి రా" అని మాత్రం అన్నారు.

వెళ్లేసరికి వాళ్లింటి ముందు ఏటవాలు రోడ్డు దిగువన జీపు వెనక భాగం ఇసుక కుప్పలో కూరుకుపోయి ఉంది. ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోసిన ఇసుక. గేటు తీయడానికి సుబేదార్ గారు ఇంజన్ ఆపకుండానే న్యూట్రల్‌లో ఉంచి దిగారట. ఆయన భార్య సుశీలమ్మ గారు సీట్లోనే ఉన్నారు. మోకాలి ఆపరేషన్ అయిన మనిషి, తనంతట తాను దిగలేరు. జీపు ఆమెతో సహా వెనక్కి దొర్లిపోయింది. కుప్పకు అవతల అప్పుడు కూలీలు అన్నాలు తింటున్నారట.

వరండాలో సుశీలమ్మ గారి చేతికి పిండికట్టు. సుబేదార్ గారు తల ఎత్తలేదు.

"హ్యాండ్‌బ్రేక్ గుంజలే నేను. గుంజిననే అనిపిస్తది, చేతికి గట్టిగ తాకింది సుత. కానీ గుంజితే బండెట్ల పోతది? నాకు మతి తప్పుతున్నది."

"వయసైంది, డ్రైవింగ్ ఇడిసిపెట్టుమని ఎన్నడో చెప్పిన," అన్నారు సుశీలమ్మ గారు. "ఇయ్యాల నన్ను సంపుతుండె."

"తాళంచెవి తీస్కపో యాదగిరీ. ఎవరికన్న అమ్మెయ్. ఇగ నేను స్టీరింగ్ ముట్ట."

వెళ్లి చూశాను. లివర్ పైకి గుంజే ఉంది. ఆ మాటే అంటే, "ఆగినంక ఎక్కి గుంజిన్నేమో, యాదికొస్తలేదు," అన్నారాయన. నాకు అనుమానం పుట్టింది. జీపు కిందికి దూరాను.

ఆ పాత మోడల్‌కు హ్యాండ్‌బ్రేక్ చక్రాలకు ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనకాలే ఒక డ్రమ్ము ఉంటుంది, షాఫ్ట్‌ను పట్టి ఆపేది అదే. తర్వాతి మోడల్‌లో దాన్ని వెనక చక్రాలకు మార్చారు. అంటే పాత పెట్టెతో పాటు నేను బ్రేకునే దించేశాను! వేలాడుతున్న కేబుల్ షాఫ్ట్‌కు తగలకుండా చివరను బైండింగ్ వైరుతో ఛాసిస్‌కు కట్టాను, డ్రమ్ము సంగతి తర్వాత చూద్దామని. చూడలేదు. లివర్ గుంజితే కేబుల్ ఆ వైరు దగ్గర బిగుసుకుంటోంది. చేతికి అచ్చం బ్రేక్ పట్టినట్టే ఉంటుంది, పట్టేది మాత్రం ఏమీ లేదు.

ఇరవై ఏళ్లుగా నాకు తెలిసిన సంగతి ఇది. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా లేదు.

జేబులో కట్టర్ ఉంది. వైరు కత్తిరించేస్తే నేను కట్టిన ఆనవాలు పోతుంది, ఎవరికీ తెలియదు. జీపు అమ్ముడుపోతుంది, ఆయన మతి తప్పిన ముసలాయనగా మిగిలిపోతారు, నా పేరు నాకుంటుంది. ఈ ఆలోచన నాకు రాలేదంటే అబద్ధమే. వచ్చినందుకు ఇవాళ్టికీ సిగ్గేస్తుంది.

బయటికొచ్చి చెప్పేశాను. "సాబ్, మీరు గుంజిన్రు. పట్టనీకి ఆడ బ్రేకే లేదు. తప్పు నాది."

ఆయన తల ఎత్తి, "నేను గుంజిన్నా?" అన్నారు.

"గుంజిన్రు సాబ్."

సుశీలమ్మ గారు ఏడ్చేశారు. "మధ్యాహ్నం సంది ఈయనను ఎన్నెన్ని మాటలంటి!" అన్నారు నా వైపు చూసి. ఆమె నన్ను రెండు తిట్టినా బాగుండేది.

పాత డ్రమ్మును కొత్త పెట్టె వెనక బిగించేందుకు పది రోజులు పట్టింది. జీపు తీసుకుని యాప్రాల్ వెళ్తే సుబేదార్ గారు నన్ను ఎడమ సీట్లో కూర్చోమన్నారు. తానే నడిపి, అదే ఏటవాలు మీద ఆపి, గేరు న్యూట్రల్ చేసి, లివర్ గుంజి దిగిపోయారు. దూరంగా గేటు దగ్గర నిలబడ్డారు. నా చొక్కా తడిసిపోయింది.

"బుగులైతుందా?" అని అడిగారు.

"అయితుంది సాబ్."

"ఆమె సుత గాడనే కూసున్నది."

పాతదాన్ని దించేటప్పుడు అది ఇంకా ఏమేం పనులు చేస్తోందో ముందు రాసుకోవాలని అప్పుడు నేర్చుకున్నాను. కాగితంతో సరిపెట్టుకోను. బ్రేక్ జోలికి వెళ్లిన ప్రతి బండినీ ఏటవాలు మీద నిలబెట్టి, తాళంచెవి ఇచ్చే ముందు ఎడమ సీట్లో కాసేపు నేనే కూర్చుంటున్నాను.