గొల్లకావడి కింద గులాబి మరక

ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రతివాడికీ ఏదో ఒక పిచ్చి పడుతుంది. నా తోటివాళ్లకు బైకులూ క్రికెట్టూ పడితే నాకు ఆకాశం పట్టింది. నాచారం ఫ్యాక్టరీలో మందుల పెట్టెల మీద లేబుళ్లు సరిచూసే నాకు టెలిస్కోపు ఎక్కణ్ణుంచి వస్తుంది? మా అక్క మొగుడు చిల్కానగర్‌లో పెళ్లి ఫొటోలు తీసేవాడు. ఆయన పాత కెమెరా, జూమ్ లెన్సు, ఒక కాలు సరిగా నిలవని ట్రైపాడు బతిమాలి తెచ్చుకున్నాను. "లగ్గాలు షురువైతె వాపస్ తీస్కపోత బామ్మర్ది, మళ్ల నన్ను అనొద్దు" అని బావ ముందే చెప్పాడు.

నాకు కావలసింది ఒక్కటంటే ఒక్క ఫొటో. గొల్లకావడి అని మనం చెప్పుకునే మూడు చుక్కల కింద ఒక మసక మరక ఉంటుంది, నక్షత్రాలు పుట్టే మేఘం అది. ఎండాకాలం వచ్చేలోగా తీయకపోతే అది పడమటి దీపాల వెలుగులో మునిగిపోతుంది, మళ్లీ చలికాలం దాకా ఆగాలి. చుక్కలతోబాటు కెమెరాను తిప్పే యంత్రం నాకు లేదు కాబట్టి రెండేసి సెకన్ల ఫొటోలు వందలకొద్దీ తీసి, కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేర్చాలి. రోజూ డ్యూటీ దిగి, అద్దెకుండే ఇంటి డాబా ఎక్కేవాణ్ని. ఒకరోజు మబ్బు, ఒకరోజు పొగ, ఒకరోజు పక్క సందు ఫంక్షన్ హాలు వాళ్ల లేజర్ లైట్లు. నా మీద కక్షగట్టినట్టు ఆకాశం ఆదివారాలే మూసుకునేది.

పైగా ఈ విద్యకు తతంగం ఎక్కువ. లెన్సుకు మూతపెట్టి కొన్ని నల్ల ఫొటోలు తీయాలి (కెమెరా తనంతట తాను పుట్టించే చుక్కలను తీసేయడానికి). తెల్లబట్ట కప్పి కొన్ని తెల్ల ఫొటోలు తీయాలి (అద్దం మీది దుమ్ము మచ్చలు పోవడానికి). ఒక పొద్దున డాబా మీద ఇంటాయన ఆరేసిన ధోతీ కొసను లెన్సుకు చుడుతుంటే ఓనరమ్మ చూడనే చూసింది.

"ఏంది బిడ్డా, మా సారు ధోతి కెమెరాకు కడ్తున్నవ్?"

"దుమ్ము పోవడానికి ఆంటీ."

"దుమ్ము పోవాల్నంటె తుడువాలె గని, కట్టుడేంది?"

ఆవిడ అడిగిందాంట్లో న్యాయముంది.

చివరికి, వాన కురిసి వెలిసిన ఒక సాయంత్రం, కెమెరా వెనక తెర మీద గోరంత గులాబి మరక కనబడింది. డాబా మీద ఒక్కణ్నే గంతులేశాను. నెలరోజుల పంటంతా కార్డులో ఉంది, ఆదివారం స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో పేర్చడమే తరువాయి. శుక్రవారం నేను డ్యూటీలో ఉండగా బావ వచ్చి, ఓనరమ్మ దగ్గర తాళం తీసుకుని, కెమెరా పట్టుకుపోయాడు. ఆదివారం పరుగున చిల్కానగర్ వెళ్లాను.

"గా కార్డా? పెండ్లికని ఖాళీ జేసిన. గన్ని ఫొటోలల్ల ఒక్క మనిషి లేడేంది బామ్మర్ది? కొన్నైతె మూత తియ్యకుంటనే తీసినవ్! నా ఇజ్జత్ బోతదని ఎవ్వలకు చెప్పలే." నా మొహం చూసి ఊరడింపుగా అన్నాడు, "తెల్లయి మాత్రం మంచిగొచ్చినయ్. అల్బంల పేర్ల ఎనుక ఏస్తందుకు ఉంచిన."

ఆ కార్డు నిండా అప్పటికే రెండురోజుల పెళ్లి. వాళ్లింటి మెట్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాను. బావ హడలిపోయి పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అడిగాడు.

"నిజం చెప్పు, ఎవలన్న పిల్ల ఫొటోలున్నయా?"

"లేదు బావా. ఒక మేఘం."

"మేఘమా?" ఆయన తలెత్తి ఆకాశం వంక చూశాడు. "మళ్ల వస్తదా అది?"

"చలికాలం."

"అయితె లగ్గాలైనంక కెమెరా నీ దగ్గర్నే పెట్టుకో."

ఇప్పుడు నాకు సొంత సరంజామా ఉంది. ఘట్‌కేసర్ దాటి చీకటి వెతుక్కుంటూ పోతాను. ఆ మేఘాన్ని రంగులతో సహా ఎన్నిసార్లు తీశానో. లెన్సుకు మంచు పట్టి రాత్రంతటి కష్టం పాడైనా, సరేలే, వచ్చేవారం చూద్దామని దుప్పటి ముసుగేసి పడుకుంటాను. ఒక మేఘం పోయిందని మెట్ల మీద కూర్చుని ఏడవడం మాత్రం, ఏం చేసినా, ఇక నాకు చేతకావడం లేదు.