పైకి లేవని ముల్లు

మా ఇంటికి జీపు వచ్చిన రోజు మా మావ దాని దగ్గరికి కూడా రాలేదు. మావ అంటే మా ఆవిడ తండ్రి. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ సముద్రం మీద బతికిన మనిషి. అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటూ, తలెత్తకుండానే, "ఏటో మరి, మీ ఇట్టం" అన్నాడు.

ఇష్టంతో కొన్నది కాదు. అంతకు ముందు ఏడాది పడవని ఒడ్డుకి లాగుతుంటే కెరటం కొట్టి నా కుడి భుజం జారిపోయింది. టెక్కలిలో సరిచేశారు గాని, వల పట్టుకుని గట్టిగా లాగితే చాలు, మళ్ళీ జారేది. వల లాగలేనివాడికి పడవలో పనేముంది? అప్పుడు మా ఆవిడే ఆలోచన చెప్పింది. మా ఊరి ఆడవాళ్ళు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని బస్సు కోసం జీడితోటల మధ్య అంత దూరం నడుస్తారు. వాసన వస్తుందని బస్సువాడు ఒకోసారి ఎక్కించుకోడు. "మనకే ఒక బండుంటే అందర్నీ పలాస దింపొచ్చు కదా" అంది. నేను డ్రైవింగు నేర్చుకున్నాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, పాత డీజిలు జీపొకటి మా వాకిట్లోకి వచ్చింది.

మావ దానికి అలవాటు పడింది ఎండాకాలంలో. నాకు పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టాను. పక్క ఊరి డ్రైవరుని పెట్టి బండి తిప్పాం. ముక్కూ మొహం తెలియని వాడితో ఆడవాళ్ళని ఎలా పంపుతామని మావ ముందు సీట్లో కూర్చుని వెళ్ళేవాడు. నేను లేచి తిరిగేసరికి ఆ సీటు ఆయనదైపోయింది. వేటకి వెళ్ళని రోజుల్లో తెల్లారేసరికి తువ్వాలు తలకి చుట్టుకుని తయారుగా ఉండేవాడు. బండి గురించి నాకే పాఠాలు చెప్పేవాడు.

వానలు వెళ్ళి చలి దిగాక అసలు కష్టాలు మొదలయ్యాయి.

పొద్దున్నే స్టార్టు చేస్తే ఇంజను టకటకా కొట్టుకునేది. వెనకనుంచి తెల్లటి పొగ. మామూలు పొగ కాదు, కళ్ళలో కారం కొట్టినట్టు మంట. వెనక కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకునేవారు. "ఓలమ్మో, కల్లు పోతన్నాయి నాయనా, బండికి ఏటైనాది?" అని ఒకామె రోజూ తిట్టేది. తోటల్లో మంచు పట్టిన దారిలో బండి లాగేది కాదు. గంపలు నిండుగా ఉన్న రోజు కాస్త ఎత్తు వచ్చినా రెండో గేరులో ఏడ్చుకుంటూ ఎక్కేది. డీజిలు మాత్రం తాగేసేది. ఇదివరకు వారమంతా వచ్చేది, ఇప్పుడు సగంలోనే అడుగు కనిపించేది.

ఇంజను వేడి చూపించే ముల్లు మాత్రం కింద అడ్డగీత దగ్గర పడుకుని ఉండేది. ఊరినుంచి పలాస చేరేదాకా కదిలేది కాదు.

మావకి అది చూస్తే ఎంతో తృప్తి. "సూడు, ఎంత సల్లగా ఉందో! ఇంజను కాగకపోతే అదే సాలు. మిగతాయి సిన్న సిన్నవి" అనేవాడు. నాకూ అది నిజమే అనిపించేది. బండి వేడెక్కి ఆగిపోయిన వాళ్ళ కథలు ఎన్నో విన్నాను. చల్లగా ఉండటం కూడా ఒక జబ్బని అప్పటిదాకా ఎవరూ నాకు చెప్పలేదు.

ముందు ముల్లు మీదే అనుమానం వచ్చింది. కాశీబుగ్గలో కరెంటు పని చేసే అతను మీటరు చూశాడు, వైరు మార్చాడు, ఇంజనుకి బిగించే సెన్సరు కూడా కొత్తది వేశాడు. ముల్లు అక్కడే. తర్వాత స్టార్టింగు కోసం హీటర్లు మార్పించాను. ఇంజెక్టర్లు విప్పించి కడిగించాను. రెండు రోజులు కాస్త నయమనిపించింది. అది నా ఆశే గాని బండి మారలేదు.

ఒక ఉదయం ఇంజనాయిలు చూద్దామని పైన మూత తిప్పాను. మా ఆవిడ పక్కన టార్చి పట్టుకుని ఉంది. మూత లోపలంతా తెల్లటి మీగడ. వేలు పెడితే జిగురుగా అంటుకుంది. నూనెలో నీళ్ళు కలిస్తేనే అలా అవుతుందని విని ఉన్నాను.

పలాసలో ఆడవాళ్ళని దింపేసి తిన్నగా మెకానిక్కు దగ్గరికి వెళ్ళాను. చుట్టుపక్కల జీడిపప్పు కాల్చే పొగ, ఆ వాసన మధ్య అతని షెడ్డు. నాకు తెలిసినవాడే, మంచివాడే. మూత చూసి తల అడ్డంగా ఊపాడు.

"హెడ్డు గ్యాస్కెట్ పోయింది బావ, ఇంజను పైబాగం కింద ఉండే పట్టీ. నీల్లు నూనెలోకి దిగిపోతన్నాయి. హెడ్డు ఇప్పాల. ఇప్పితే గాని లోపల ఇంకేటి పోయిందో తెల్దు. ఇంజను దించాల్సొచ్చినా రావచ్చు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"బండి ఒదిలేసి ఎల్లు. తొందర పెట్టొద్దు."

వదిలి వెళ్ళలేదు. ఆలోచించుకుని వస్తానని చెప్పి ఇంటికి తెచ్చేశాను. దారి పొడవునా చెవి ఇంజను మీదే. ప్రతి చప్పుడూ ఆఖరి చప్పుడులాగే వినిపించింది.

ఆ సాయంత్రం మావ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. తర్వాత మెల్లగా, "అమ్మేద్దాం లేరా అల్లుడా. నా పడవలోకి వచ్చేయి. నువ్వు వల లాగక్కర్లేదు. సుక్కాని పట్టుకుని కూకో, సాలు" అన్నాడు.

ఎంతో ప్రేమగా అన్నాడు. అందుకే ఎక్కువ బాధేసింది. పడవలో నలుగురూ వల లాగుతుంటే నేను చూస్తూ కూర్చోవడం, ఒడ్డుకి వచ్చాక వాళ్ళ కష్టంలో వాటా తీసుకోవడం. కళ్ళముందు కనిపించింది.

మా ఆవిడ లోపల్నుంచి అంతా వింటోంది. బయటికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నాకొకటి అర్దం కాలేదు" అంది. "రోజూ పొద్దున్న రేడియేటరు మూత తీసి సూసేది నానే కదా. నీల్లు అంచుకే ఉంటన్నాయి. ఒక్కరోజు పొయ్యలేదు. నూనెలోకి దిగిపోతే తగ్గాల కదేటి?"

నేను లేచి వెళ్ళి ఆయిలు కొలిచే పుల్ల బయటికి లాగి చూశాను. దాని మీద నూనె నల్లగా, మామూలుగా ఉంది. మీగడ మూతకే ఉంది, కిందికి లేదు. నీళ్ళు కలిస్తే పుల్ల మీద కూడా తెల్లగా ఉండాలి కదా అనిపించింది.

"టెక్కలి పోదాం. ఇంకొకరికి సూపిద్దాం" అంది ఆవిడ.

మర్నాడు ఆదివారం. ఆడవాళ్ళని దింపేసి, మా ఆవిణ్ణి చేపలు అమ్ముకోడానికి బజారులో దింపి, నేనూ మావా హైవే ఎక్కాం. హైవే మీద లారీలు కొన్ని ముందు జాలీకి అట్టలు కట్టుకుని వెళ్తున్నాయి. చలికాలం అలా కడతారని ఎప్పుడో చూశాను గాని ఎందుకో ఆలోచించలేదు. పక్కకి ఆపి, వెనకున్న గోనెసంచి తెచ్చి రేడియేటరు ముందు కట్టాను.

"ఏటి సేత్తన్నావు? ఇంజనుకి దుప్పటి కప్పుతావేటి?" అన్నాడు మావ.

కొంత దూరం వెళ్ళాక ముల్లు కదిలింది. ఎక్కువ కాదు, గీత దాటి గోరంత. అద్దంలో చూస్తే పొగ సన్నబడింది. పెడలు నొక్కితే బండి మాట వింటోంది. మావకి చూపించాను. ఆయన మొహం ముడుచుకున్నాడు. వేడెక్కుతోందని ఆయన భయం. నాకు మాత్రం అదేదో మంచి గుర్తులా తోచింది.

టెక్కలి మెకానిక్కు నాకంటే కాస్త పెద్దవాడు. నేను మొదట్నుంచీ చెబుతుంటే మధ్యలో ఆపకుండా విన్నాడు. గోనెసంచి మాట వచ్చేసరికి "అలగా?" అని నవ్వాడు. ముందు గ్యాస్కెట్ సంగతి చూస్తానన్నాడు. రేడియేటరు మూత తీసి, నన్ను ఇంజను రేజు చెయ్యమని, నీళ్ళలోకి తొంగి చూశాడు. గ్యాస్కెట్ పోతే బుడగలు వస్తాయట. నీళ్ళు నెమ్మదిగా తిరుగుతున్నాయి తప్ప ఒక్క బుడగ రాలేదు.

తర్వాత బండి ఆపేసి మమ్మల్ని టిఫిను చేసి రమ్మన్నాడు. ఇంజను పూర్తిగా చల్లారాలట. వచ్చాక మళ్ళీ స్టార్టు చేయించి, రేడియేటరు పైన ఉన్న లావుపాటి రబ్బరు పైపు మీద నా చెయ్యి పెట్టించాడు.

"ఇప్పుడే కదా స్టార్టు సేసేం. ఇంజను బాగా కాగేదాకా ఈ పైపు సల్లగానే ఉండాల. అప్పుడు ఒక్కసారి వేడి తగలాల. నీ సేతికి ఏటి తెలుత్తంది?"

నీళ్ళు అప్పుడే పైపులో పరుగెడుతున్నాయి. కాసేపటికి పైపంతా గోరువెచ్చగా అయ్యింది, అంతే, అక్కడే ఆగిపోయింది.

అతను పైపు ఊడదీసి, అది బిగించే చోట మూత విప్పాడు. లోపలికి వేలు పెట్టి తిప్పాడు. ఖాళీ.

"ఇక్కడొక వాల్వు ఉండాల. థర్మోస్టాట్ అంటారు. ఇంజను కాగేదాకా నీల్లని రేడియేటరుకి ఎల్లనివ్వదు. కాగేక తలుపు తెరుత్తది. అది లేదు కాబట్టి నీ ఇంజను పొద్దున్నించి సాయంత్రం దాకా సల్లనీల్లలో తానం సేత్తంది. డీజిలు సరిగ్గా మండక పొగ. లోపలి తేమ ఆరక మూతకి ఆ మీగడ. అంతే." నా వైపు తిరిగి, "ఎవులు తీసేరు దీన్ని?" అన్నాడు.

నాకేం తెలుసు? పాత ఓనరు తీసి ఉంటాడేమో అనబోయాను. పక్కన మావ తువ్వాలు తలనుంచి విప్పి చేతిలో నలుపుతున్నాడు.

"నానే తీయించాను" అన్నాడు.

నేను కామెర్లతో పడుకున్నప్పుడు జరిగిందట. మందస సంతకి గంపలతో వెళ్తుంటే సుమ్మాదేవి ఊరు దాటాక ఇంజను సలసలా కాగి ఆవిరి కొట్టింది. రోడ్డు పక్క ఎవరో మెకానిక్కు వచ్చి, వాల్వు మూసుకుపోయి తెరుచుకోవట్లేదని తీసేశాడు. ఇది లేకపోతే ఇంజను ఇంకెప్పుడూ కాగదని చెప్పాడు. ఆ రోజు నుంచి నిజంగానే కాగలేదు.

"నీకు ఒంట్లో బాగులేదు. సెప్తే కంగారు పడతావని సెప్పలేదు. మంచి పనే సేసేననుకున్నాను" అన్నాడు మావ. ఆయన గొంతు అంత చిన్నదైపోవడం నేను ఎప్పుడూ వినలేదు.

"మరి ఆ వాల్వు ఏది?" అడిగాడు మెకానిక్కు.

"ఇత్తడిది, బరువుగా బాగుందని... వలకి గుండులాగ కట్టేసేను."

మెకానిక్కు పానా కింద పెట్టేసి నవ్వడం మొదలుపెట్టాడు. నాకూ ఆగలేదు. కోపం రావాల్సిన చోట నవ్వు తన్నుకొచ్చింది. హెడ్డు విప్పక్కర్లేదు, ఇంజను దించక్కర్లేదు, బండి అమ్మక్కర్లేదు. మావ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, చివరికి తానూ నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

స్పేరు పార్టుల షాపు నుంచి కొత్త వాల్వు తెచ్చాం. బిగించే ముందు పరీక్ష చెయ్యాలన్నాడు మెకానిక్కు. ఎదురుగా టీ కొట్టులో ఒక పాత డబ్బాలో నీళ్ళు పెట్టించి, వాల్వుని తీగకి కట్టి దింపాడు. మావ వంగి డబ్బాలోకే చూస్తున్నాడు. నీళ్ళు సెగలు కక్కేదాకా ఏమీ కాలేదు. తర్వాత వాల్వు మధ్యలో పళ్ళెంలాంటిది మెల్లగా పైకి లేచింది.

"నోరు తెరిసిందిరోయ్!" అని కేక పెట్టాడు మావ. టీ తాగుతున్నవాళ్ళు తిరిగి చూశారు.

బయటికి తీసి చల్లార్చితే మూసుకుంది. "ఇంకోపాలి ముంచు" అన్నాడు మావ. మెకానిక్కు ముంచాడు. మూడోసారి మావే తీగ పట్టుకుని ముంచాడు.

వాల్వు బిగించి, ఇంజనాయిలు మార్చి, మూతలో మీగడ గుడ్డతో తుడిచి ఇచ్చాడు. "ముల్లు మద్దెకి వచ్చి ఆగాల. అక్కడుంటే బయపడొద్దు" అని మావకే ప్రత్యేకంగా చెప్పాడు.

అయినా తిరుగుదారిలో ముల్లు లేస్తుంటే మావ సీటు అంచుకి వచ్చేశాడు. "ఆపు, ఆపు, లెగుత్తంది!" నేను ఆపలేదు. ముల్లు పావు దాటింది, ఇంకా లేచింది, మధ్యకి వచ్చి నిలబడింది. పలాస పొలిమేర దాకా అక్కడే ఉంది. అద్దంలో వెనక రోడ్డు శుభ్రంగా కనిపిస్తోంది.

పలాస మెకానిక్కుకి కూడా ఆగి చెప్పాను. "పోన్లే బావ, హెడ్డు ఇప్పక మంచిదైనాది" అని అతను నా వీపు తట్టి, కొత్త వాల్వు ఏ షాపులో దొరికిందో అడిగి తెలుసుకున్నాడు.

బజారులో మా ఆవిడ ఖాళీ గంపలు కడిగి బోర్లించి ఎదురు చూస్తోంది. మా మొహాలు చూడగానే ఆమెకి సగం అర్థమైంది. గంపలు ఎక్కిస్తూ అంతా చెప్పాను. వలకి కట్టిన గుండు దగ్గరికి వచ్చేసరికి "మా నాయన!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మావ వినిపించుకోనట్టు అటు తిరిగాడు. మిగిలిన ఆడవాళ్ళు ఎక్కారు. రోజూ తిట్టే ఆమె ముందు గాలి వాసన చూసి, తర్వాత కూర్చుంది.

కాశీబుగ్గ దాటి జీడితోటల్లోకి వచ్చాం. బండి మూడో గేరులోనే ఎత్తు ఎక్కింది. ఆ మాట చెబుదామని వెనక్కి చూశాను. మా ఆవిడ గంప మీద తల ఆనించి నిద్రపోతోంది. గుంతలు వచ్చినచోట బండిని మెల్లగా దించుకుంటూ ఇంటికి తీసుకొచ్చాను.