మా చెలకలో వెలిసిన సముద్రపు రాయి

మా చెలకలో, అంటే వాన మీద పండే మెట్టపొలంలో, దేవుడు వెలిశాడనీ, చదువుకున్న పొగరుతో నేనే ఆయన్ని వెళ్ళగొట్టాననీ మావాళ్ళు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెప్పుకుంటారు. నాగలి కర్రుకు తగిలి రాయి ఖంగుమందట. అబద్ధం. ఆ రోజు నాగలే కట్టలేదు. పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం అది. వాన చుక్క పడకుండా పట్నం పక్కన మా రాయదుర్గం గట్టినేలను ఎవరు దున్నుతారు?

జరిగింది వేరు. పొద్దున్నే మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న, వచ్చి చెలక గట్టున దేవుడు బయటపడ్డాడన్నాడు. వెళ్ళి చూస్తే గుంటలో పిడికిలంత నల్లరాయి. ఒక పక్క పెచ్చు ఊడి, లోపల చక్రంలా చుట్టుకున్న గీతలు.

“సాలగ్రామం! సాక్షాత్తు విష్ణుమూర్తి. ఇగ ఈ నేల మీద ఎడ్లు కట్టొద్దు. గుడికి రాసిద్దాం,” అన్నాడు అమ్మతో. గుడి పెత్తనం ఆయనదే. నాన్న పోయాక అమ్మకు మిగిలింది ఆ రెండెకరాలే.

“గంత తొందరేంది బావా? దేవుడు యాడికి పోతడు?” అంది అమ్మ.

నేను రాయి చేతిలోకి తీసుకున్నాను.

“ఆడపిల్లవు, ముట్టొద్దు!”

“ముట్టిన గదా పెద్దబాపూ. అయ్యే అపచారం అయింది, జర పట్నం తీస్కపోయి చూపిచ్చుకొస్త.”

మా ఊరి రాళ్ళు గరుకు. ఎర్రపొడతో ఎండకు తళుక్కుమంటాయి. ఇదేమో నున్నగా, నల్లగా ఉంది. నా అనుమానం అక్కడే మొదలైంది. నత్త రాయిగా మారిందేమో అనుకున్నాను. పట్నంలో నేను చదివే కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే మాస్టారు భూతద్దం ఇచ్చి నన్నే చూడమన్నారు. చుట్టు పొడవునా అడ్డగోడలు, గది వెనక గది. నత్తగుల్లలో గదులుండవు. ఆయన బీరువాలోని రాయి పక్కన పెడితే, పక్కటెముకల్లాంటి గీతలతో సహా సరిపోయింది. అమ్మొనైట్. ఒకప్పుడు సముద్రంలో ఈదిన జీవి.

“కరిగి గడ్డకట్టిన రాళ్ళు మీ ఊరియి. అండ్ల గుల్ల మిగులుతదా? ఇది హిమాలయాల దిక్కుది. మీ గుండ్లల్ల పుట్టిందంటే నేను నౌకరీ ఇడిచి మేకలు కాస్త,” అన్నారు.

భూతద్దంలో ఇంకోటి కూడా కనిపించింది. గీతల సందుల్లో తెల్లగా పేరుకున్నదేదో. సున్నమనుకున్నాను. గుండుసూదితో గీకి వాసన చూస్తే గంధం! ఏళ్ళ తరబడి పూస్తే తప్ప అంత పొర కట్టదు. పాతిపెట్టినవాడికి దేవుణ్ణి మట్టిలో పూడ్చే ధైర్యం వచ్చింది గానీ, ఆయన ఒంటిమీది గంధం గీకేసే ధైర్యం రాలేదు.

గుడి ముందు పదిమందిలో ఆ సూదిమొన పెద్దబాపు ముక్కు దగ్గర పెట్టాను.

“వాసన చూడు. భూమిల గీ గంధం ఎవరు తీసిండ్రు?”

“ఎవలో యాత్రకు పోయెటోళ్ళు పారేసుకున్నరేమో,” అని గొణిగాడు. రాయి గుడిలోకి పోయింది, చెలక అమ్మకు ఉండిపోయింది. ఆ ఏడు జొన్న వేసింది.

కానీ పెద్దబాపు ఇంట్లో సాలగ్రామం ఎన్నడూ లేదు, మా ఇళ్ళలో ఆ ఆచారమే లేదు. ఎవరో తమది ఆయన చేతికిచ్చి ఉండాలి. ఉన్న ఇళ్ళు తెల్లాపూర్ దాకా వెతికినా నాలుగో అయిదో. అన్నీ తిరిగాను. దానికి నైవేద్యం పెట్టనిదే మేం మెతుకు ముట్టమని అందరూ ఒట్టేశారు. మరి ఆ రాయి మా చెలకకు చేరినప్పటి నుంచీ పీఠం ఖాళీగా పెట్టుకుని కడుపునిండా అన్నం తిన్నదెవరు?